గంగారాం భుజం

నల్లవాగు పొంగు తీయాలంటే ఇంకో గంటైనా పడుతుందని చెప్పి కండక్టరు బీడీ ముట్టించుకుంటూ దిగిపోయాడు. నీళ్లు చూడ్డానికి మగవాళ్లంతా అతని వెంటే దిగారు. బస్సులో ఆడవాళ్లూ, పిల్లలూ, తడిసిన గొంగళ్ల వాసనా మిగిలాయి. దేవవ్వ కిటికీ పక్కన ఒళ్లో బియ్యప్పిండితో కాల్చిన సర్వప్పల మూట పెట్టుకుని కదలకుండా కూర్చుంది. కదిలితే లేవాలి, లేస్తే ముందు సీట్లో ఉన్న మనిషి ముఖం చూడాలి, ఆ ముఖం చూడ్డం కంటే వాగును చూడ్డం నయం. వాగు ఎర్రగా, మోదుగు కొమ్మల్ని ఈడ్చుకుంటూ, రోడ్డు మీద కట్టిన రాతి దారిని మింగేసి పోతోంది. ఇందాక చచ్చిన దూడ కొట్టుకుపోయిందని ఎవరో అన్నారు. దూడ పోయినట్టే బస్సూ పోతే? ఈ డ్రైవరు పొద్దున్నే తాగాడేమో, కళ్లు ఎర్రగానే ఉన్నాయి. చెన్నూరులో మిషన్ హాస్టలు గేటు దగ్గర కొడుకు కొండల్ పొద్దుటి నుంచి నిలబడి ఉంటాడు, అవ్వ ఇంకా రాలేదేమని రోడ్డు మీదికి వస్తాడు, రోడ్డు మీద కలప లారీలు ఆగకుండా పోతుంటాయి. వాడికి ఎదురుచూపు పడదు. ఎదురుచూస్తే మెడ ఎక్కువ ఎగురుతుంది, మెడ ఎగిరితే కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు, నవ్వితే గొంతులోంచి ఆ చప్పుడు మొదలవుతుంది, ఆ చప్పుడు విని తెలియని సారు ఎవరైనా బెత్తం పట్టుకుంటే. ఏ బెత్తమూ లేదు, ఏ లారీ లేదు, వాడు అన్నం తిని చెట్టు కింద బొంగరం ఆడుతుంటాడని తనకు తానే చెప్పుకుంది, కానీ మనసు ఆ మాట నమ్మి ఎప్పుడు కూర్చుంది కనుక.

ముందు సీట్లో కూర్చున్నది చంద్రవ్వ. మొగుడి అక్క. ఆసిఫాబాద్ దాటాక అడవి మొదట్లో బస్సు ఆగితే, బిడ్డ కొడుకును చేత పట్టుకుని ఎక్కింది, ఎక్కీ ఎక్కగానే మరదలిని చూసింది, చూసి ఖాళీ సీటు వైపు చూసినట్టే ముఖం తిప్పుకుంది. ఏండ్లయింది ఇద్దరి మధ్య మాట పోయి. పెండ్లిళ్లలో ఒకరు వంటల దగ్గరుంటే ఒకరు పందిట్లో ఉండేవారు, చావుల్లో ఒకరు శవం తల దగ్గర ఏడిస్తే ఇంకొకరు కాళ్ల దగ్గర ఏడ్చేవారు. ఆమె జుట్టు సగం నెరిసింది. నెరవనీ. నడుము కూడా వంగితే బాగుండు, కళ్లు కూడా పోతే బాగుండు, నీళ్లడిగితే ఇచ్చే దిక్కు లేకుండా మంచంలో పడి ఉంటే బాగుండు. కారం దంచేటప్పుడల్లా రోకటి పోటు పోటుకూ దేవవ్వ ఆమె పేరు తలుచుకుంటుంది. కారం ఘాటుకు కళ్లలో నీళ్లు కారితే చుట్టుపక్కల వాళ్లు కారమే అనుకుంటారు.

మాట పోయిన ఆ రోజు పుట్టింటికి వచ్చింది చంద్రవ్వే. వచ్చి, ఇంటి ముందు గోలీలాడుతున్న కొండల్‌ను చూసి, వాడి కళ్లు టపటప కొట్టుకోవడం, మెడ పక్కకు విసురుగా పోవడం, గొంతులోంచి హుమ్ హుమ్ అని రావడం చూసి, చెంబులో నీళ్లు కూడా ముట్టకుండా అంది, "గిది గాలే. పిల్లగానికి శిగం వచ్చినట్టు ఊగుతుండు, గని దేవతది గాదు గీ శిగం. ఇది వేరే." అత్త తలూపింది. అత్త తలూపిందంటే ఇంట్లో గోడలు కూడా తలూపుతాయి. వాణ్ణి నులక మంచానికి కట్టారు. వేపమండలు తెచ్చారు. చంద్రవ్వ వాడి ముఖంలో ముఖం పెట్టి గట్టిగా అడిగింది, "ఎవలు నువ్వు?" కొండల్‌కు అప్పటికే ఇంకో జబ్బు కూడా పట్టుకుంది, ఎవరైనా గట్టిగా ఒక మాట అంటే ఆ మాట వాడి నోట్లో ఇరుక్కుపోతుంది, ఇరుక్కున్నది అట్లాగే బయటికి వస్తుంది, తెచ్చుకోవడం కాదు, వస్తుంది. వాడన్నాడు, "ఎవలు నువ్వు?" వాకిట్లో ఆడవాళ్లు హాఁ అని వెనక్కి జరిగారు. "చెప్పు, ఏ ఊరి దానివి?" అని చంద్రవ్వ. "చెప్పు, ఏ ఊరి దానివి?" అని వాడు, కన్నీళ్లు కారుతుండగా. అది దయ్యం ఎదురు తిరగడం అనుకున్నారు. దయ్యానికి పొగరెక్కిందనుకున్నారు. పసుపుకొమ్ము నిప్పుల్లో ఎర్రగా కాలింది. దేవవ్వను ఇద్దరు ఆడవాళ్లు గోడకు అదిమి పట్టుకున్నారు, ఒకామె చేతుల వెల్లుల్లి వాసన ఈనాటికీ పోలేదు. వెన్నుకు అటూ ఇటూ, మెడ మీద. "అవ్వా" అని కూడా అనలేదు వాడు. చంద్రవ్వ "పోతవా లేదా" అని అరుస్తుంటే, కాలుతున్న చర్మంతోనే "పోతవా లేదా, పోతవా లేదా" అని తిరిగి అరిచాడు, అరిచిన ప్రతిసారీ కొమ్ము మళ్లీ నిప్పుల్లోకి పోయింది. సిద్దిరాములు దడి బయట నిలబడి చుట్ట తాగాడు. కన్నతండ్రి. ఆనాటి నుంచి దేవవ్వ అతనికి అన్నం పెడుతుంది, బట్టలుతుకుతుంది, తలకు నూనె మాత్రం పెట్టలేదు. ఆ తల మీద చేయి వేస్తే చేయి ఏం చేస్తుందోనని భయం.

తర్వాత ఆ మచ్చలు చీము పట్టి జ్వరం ముదిరితే మిషన్ దవాఖానకు ఎత్తుకుపోయింది, అత్తకు చెప్పకుండా, ఎడ్లబండిలో, దారి పొడుగునా పిల్లవాడు చచ్చిపోయాడనుకుంటూ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ. సామ్యూల్ డాక్టరు ముందు వీపుకు మందు రాశాడు. తర్వాత వాణ్ణి ఊరికే కూర్చోబెట్టి, వాడి వైపు చూడనట్టు నటిస్తూ చూశాడు. గాలి కాదమ్మా అన్నాడు. పిచ్చి కాదు, కొంటెతనం అసలే కాదు. నరాలు వాటంతట అవే ఝటకా ఇస్తాయి, పెద్ద పుస్తకాల్లో దీనికి ఎవరో ఫ్రెంచి దొర పేరుంది అని ఆ పేరు చెప్పాడు, దేవవ్వకు నోరు తిరగలేదు. ఆపమంటే ఆపగలడు, కానీ తుమ్మును ఎంతసేపు ఆపుతావు నువ్వు? ఆపినదంతా లోపల జమై తర్వాత ఒక్కసారే వస్తుంది. అందుకని ఆపమనొద్దు, చూడొద్దు, నవ్వొద్దు, కొట్టొద్దు. భయపడితే పెరుగుతుంది, సంతోషం ఎక్కువైనా పెరుగుతుంది, చేతికి ఇష్టమైన పని ఇస్తే తగ్గుతుంది. కొన్నాళ్లు పోయినట్టే ఉండి మళ్లీ వస్తుంది, వచ్చిందని ఏడవొద్దు. ఒకటి పోయి ఇంకోటి వస్తుంది, కళ్లు, ముక్కు, మెడ, భుజం, గొంతు. పెద్దయ్యాక చాలామందికి నెమ్మదిస్తుంది. కొండల్ మంచం మీది నుంచి అన్నాడు, "లోపల దురద పుట్టినట్టయితది సారూ, గోక్కునేతందుకు చేతికి అందది." డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇదంతా దేవవ్వ రెండో క్లాసు చదువుతో ఎక్కడా రాసుకోలేదు, ఒంట్లో రాసుకుంది. ఆయనే వాణ్ణి హాస్టల్లో చేర్పించాడు, బెంచీ చివర కూర్చోబెట్టమని, లోపల నిండినప్పుడు అడక్కుండానే బయటికి పోయి వచ్చే సెలవు ఇవ్వమని హెడ్మాస్టరుకు చెప్పాడు. పాటల క్లాసులో వాడి మెడ అసలు కదలదట. పాడేటప్పుడు ఎక్కడికి పోతుందో అది.

ఒక్క మాట మాత్రం ఆ రోజు ముల్లులా గుచ్చుకుంది. మీ ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా అని అడిగాడాయన, ఒక్కోసారి వంశంలో నడుస్తుందని. లేదు సారూ, మా వైపు ఎవరికీ లేదు అని కోపంగా అనేసింది గానీ ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అమ్మమ్మకు చేతులు వణికేవి కదా. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు వాకిలి దాటింది కదా. అత్త అననే అంది, మీ అవ్వగారింటి గాలి ఇది, నీ కొంగు పట్టుకుని వచ్చింది అని. ఈ ఏండ్లన్నీ ఆ మాటే లోపల తిరిగింది, ఎవరూ లేనప్పుడు తన కళ్లు తానే అద్దంలో చూసుకునేది, టపటపమంటున్నాయా అని.

ముందు సీట్లో పిల్లవాడి తల చటుక్కున పక్కకు పోయింది.

గాలికి వెంట్రుకలు కళ్లలో పడ్డాయేమో అనుకుంది దేవవ్వ. మళ్లీ పోయింది. ముక్కు ఎగబీల్చాడు, కళ్లు గట్టిగా మూసి తెరిచాడు, మళ్లీ మెడ. కళ్లు, ముక్కు, మెడ, అదే దారి, అదే వరుస. అప్పుడు దేవవ్వ ఛాతీలో ఏదో వెచ్చగా పొంగింది, అది జాలి కాదు, జాలి అని అబద్ధం చెప్పుకోదలచలేదు, అది పండుగ. దొరికినవు. ఇన్నాళ్లూ ఏ దేవుణ్ణి అడిగిందో ఆ దేవుడికి చెవులున్నాయి. నా కొడుకును మంచానికి కట్టేసిన చేతుల్లోకే వచ్చి కూర్చుంది, నీ బిడ్డ కడుపున పుట్టింది, ఇప్పుడు నువ్వు రాత్రుళ్లు లేచి చూసుకో, నువ్వు అద్దం చూసుకో. కిటికీ బయట నుంచి కండక్టరు ఎవరినో "జరుగు, జరుగు" అని గదిమాడు. పిల్లవాడు సన్నగా "జరుగు, జరుగు" అన్నాడు. చంద్రవ్వ చేయి కొంగు కిందినుంచి వచ్చి వాడి తొడ మీద గిచ్చింది. వాడు అరవలేదు. అరవని పిల్లలు అలవాటుపడిన పిల్లలు.

పక్క వరుసలో తునికాకు కట్టలతో కూర్చున్న ముసలామె ఐలవ్వ ఇదంతా చూసి అడగనే అడిగింది, "పిల్లగానికి ఏమైందే అక్కా, కోడి లెక్క మెడ తిప్పుతుండు?"

"ఏమున్నది, గాలి తాకింది," అంది చంద్రవ్వ. "వాగు అవుతల మోదుగులపల్లెల ముత్తయ్య లేడా, ఆయన దగ్గరికి తీస్కపోతున్న. గియ్యాల మంచి దినం."

"వాతలు పెడ్తడు ముత్తయ్య. చేయి మంచిదంటరు. గని జర బరువు చేయి."

"ఎంత బరువైతే అంత జల్ది పోతది."

పిల్లవాడు ఐలవ్వను చూశాడు, అమ్మమ్మను చూశాడు. వాతలు అంటే వాడికి తెలుసో లేదో. "అమ్మమ్మా, ఆడ బెల్లం ఇస్తరా?" అన్నాడు. "ఇస్తరు బిడ్డా, ఇస్తరు రాజలింగూ," అంది చంద్రవ్వ, ఖం అని గొంతు సవరించుకుని.

పెట్టించుకో. వాగు తీయగానే దిగు, పెట్టించుకో. తను నోరు తెరవాల్సిన పనే లేదు, ఇక్కడ కిటికీ పక్కన ఇట్లాగే కూర్చుంటే చాలు, నీళ్లు తగ్గుతాయి, బస్సు దాటుతుంది, వాళ్లు దిగుతారు, ఆ తర్వాత జరిగేదంతా దానంతట అదే జరుగుతుంది. తెలిసీ చెప్పకపోవడాన్ని ఏ పంచాయితీలో తప్పంటారు? ఈసారి గోడకు అదిమిపెట్టేది ఎవరిని? ఈసారి పసుపుకొమ్ము వాసన ఎవరి ముక్కులో ఉండిపోతుంది? ఆమె కళ్లు మూసుకుని చూడబోయింది, ఆ దృశ్యాన్ని కొసదాకా తాగాలనుకుంది, నిప్పులు, ముత్తయ్య బరువు చేయి, నులక మంచం, మంచం మీద బోర్లా పడుకోబెట్టిన పిల్లవాడు తల తిప్పాడు, తిప్పితే కొండల్. కాదు, రాజలింగు, ఈ పిల్లవాడు, దీని మనుమడు, మళ్లీ మొదటి నుంచి. నిప్పులు, కొమ్ము, మంచం, తల తిప్పితే మళ్లీ కొండల్. ఛీ. పగ తీర్చుకోవడానికి కూడా వీలు లేకుండా ఆ ఆడబిడ్డ నా కళ్లలోనే నిప్పు పెట్టింది. ఎంత తిప్పి చూసినా చంద్రవ్వ కాలడం లేదు, ప్రతిసారీ కాలేది ఒక పిల్లవాడే.

ఖం. ముందు సీట్లోంచి మళ్లీ. ఖం, ఖం.

ఈ చప్పుడు దేవవ్వకు కాపురానికి వచ్చిన రోజు నుంచీ తెలుసు. వదినె పుట్టింటికి వచ్చిందంటే మనిషి కంటే ముందు ఆ ఖం వచ్చేది, అది వినగానే కోడండ్లు పీటల మీది నుంచి లేచి నిలబడేవారు, పెద్దరికం అనుకునేవారు. ఖం. దగ్గు లేదు, పడిశం లేదు, తమలపాకు నమలదు. ఇప్పుడు వెనక నుంచి చూస్తుంటే ఖం అన్నప్పుడల్లా గడ్డం కొద్దిగా పైకి పోతోంది, ఎడమ చెవి పక్కన నరం లాగుతోంది, పిల్లవాడికి లాగినట్టే, కొండల్‌కు లాగినట్టే. మామ. చంద్రవ్వ తండ్రి గంగారాం మామ భుజం! నలుగురిలో కూర్చుని తగువులు తీర్చే పెద్దమనిషి, మాట్లాడుతూ మాట్లాడుతూ కుడి భుజం పైకి ఎగరేసేవాడు, ఒకసారి ఎగరేశాడంటే ఆ మాట ఒప్పుకోలేదని లెక్క. ఎదుటివాడు అప్పటికప్పుడు మాట మార్చుకునేవాడు. ఎద్దుల తగువులో ఒకాయన, పెద్దమనిషి భుజం ఎగరేసిండు, ఇక నాకు న్యాయం లేదని, తనకు రావాల్సిన ఎద్దును తానే వదిలేసి పోయాడు, మామ పాపం ఏమీ అనకముందే. ఊరంతా చెప్పుకుని నవ్వారు, ఊరంతా భయపడ్డారు. చుట్ట తాగుతున్నా ఎగిరేది ఆ భుజం, ఒంటరిగా పొలం గట్టు మీద కూర్చున్నా ఎగిరేది. అక్కడ ఎవరి మాట ఒప్పుకోనట్టు? మామ భుజం, కూతురి గొంతు, మనుమడి మెడ, ఆ కూతురి మనుమడి మెడ. నాది కాదు. నా కొంగు పట్టుకుని రాలేదు. మా అమ్మమ్మది కాదు, గ్రహణానిది కాదు, నాది కాదు, మీది, మీది, మీదే. ఇన్ని రాత్రులు నన్ను నేను తిన్నాను. దేవవ్వకు గట్టిగా నవ్వాలనిపించింది, గట్టిగా ఏడవాలనిపించింది, రెండూ గొంతు దగ్గర కలిసి ఒక మాటయ్యాయి.

"వదినె."

చంద్రవ్వ వీపు బిగిసింది. తిరగలేదు.

"మా మామ భుజం యాదికున్నదా?"

"ఏందే?" అంది చంద్రవ్వ వాగు వైపే చూస్తూ. "ఇన్నేండ్లకు నోరు తెరిసి అడిగేది గిదా?"

"గదే. యాదికున్నదా, మరిసినవా?"

"మా బాపు భుజం నేనెట్ల మరుస్త? ఆ భుజం జూసే నలుగురు మాట్లాడుతుండె."

"ఆ భుజానికి వాతలు ఎవలు పెట్టిన్రు?"

చంద్రవ్వ ఇప్పుడు తిరిగింది. "ఏం కూస్తున్నవే?"

"మీ బాపును మంచానికి ఎవలు కట్టేసిన్రు అంటున్న. ఎవలు నువ్వని ఎవలడిగిన్రు? ఆ భుజం జూసి ఎద్దులు ఇడిసిపెట్టి పోయిన్రు, గంతేనాయె? ఆయనకైతే పెద్దరికం, నా కొడుక్కైతే దయ్యమా? నీ గొంతుకు ఎవలు పెట్టిన్రు వాత?"

"నాకేమున్నది? నాది దగ్గు."

"దగ్గేనా? అయితే ఆపు. జర ఆపి చూడు, గీ బస్సోళ్లందరి ముంగట."

చంద్రవ్వ పెదవులు బిగించింది, ఇదెంత పని అన్నట్టు. ఐలవ్వ తునికాకు కట్ట పక్కన పెట్టి ముందుకు వంగింది. దేవవ్వ కళ్లార్పకుండా చూసింది, ఎవరూ చూడకూడదని డాక్టరు చెప్పిన చూపుతోనే చూసింది, కావాలనే. చంద్రవ్వ ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. గడ్డం వణికింది. మెడ మీద నరాలు తేలాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, చేయి వచ్చి తన గొంతు తానే పట్టుకుంది. ఆ ముఖంలో పెద్దరికం పోయింది, పొగరు పోయింది, దొంగతనం చేస్తూ దొరికిన పిల్ల ముఖం మిగిలింది. ఇంకా ఆపు, ఇంకా, అనుకుంది దేవవ్వ, లోపల ఎక్కడో రోకలి పడుతున్నట్టుంది. ఖం. ఖం ఖం ఖం ఖం. ఆపినదంతా కట్ట తెగినట్టు వచ్చింది, తల ఊగింది, కొప్పు ఊడింది. రాజలింగు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అమ్మమ్మా," అన్నాడు గుసగుసగా, "నీకు గూడ అదే అంటదా, మల్లొక్కసారి మల్లొక్కసారి అని?"

చంద్రవ్వ వాడి వైపు చూసింది. చూసి, వాడి తొడ మీద తాను గిచ్చిన చోట అరచేయి పెట్టింది. ఆ చేయి చూస్తే దేవవ్వకు ఒళ్లు ఇంకా మండింది, ఈ చేయి ఇంత మెత్తగా కూడా పడగలదా, అయితే ఆ రోజు ఎక్కడ పెట్టుకుంది ఈ మెత్తదనాన్ని.

"ఇగో, ఇను," అంది, తిట్టినట్టే. "నీ కోసం చెప్తలేను, పిల్లగాని కోసం చెప్తున్న. ఆన్ని ఆపుమనకు. ఆని దిక్కే చూడకు. గిచ్చకు. లోపల నిండితే ఆన్నే అవుతలికి పోయి రానీ. చేతికి ఏదన్న పనియ్యి, మట్టి పిసుకుతనంటే పిసకనీ. తగ్గినట్టే ఉంటది, మల్ల వస్తది, వస్తే రానీ, నువ్వు లొల్లి చెయ్యకు. పెద్దోడైతే నిమ్మలమైతది. మీ బాపుకు పోకపోయినా బతకలేదా, నలుగురిల పెద్దమనిషి అనిపించుకోలేదా? ముత్తయ్య దగ్గరికి పోతనంటే పో. గని తెల్వకుండ చేసిన్నని ఈసారి అనకు. ఈసారి నీకు తెలుసు."

కింద కండక్టరు విజిల్ ఊదాడు, వాగు తీసిందని కేకలు, మగవాళ్లు బురద కాళ్లతో ఎక్కారు. బస్సు నీళ్లలోకి దిగింది. ఇంజను దగ్గింది, నీళ్లు తలుపు మెట్ల దాకా వచ్చి బుసకొట్టాయి, దేవవ్వ మూట మీద గోళ్లు దించి కళ్లు మూసుకుంది, ఇప్పుడే, ఇక్కడే పోతాం, కొండల్ గేటు దగ్గరే ఉండిపోతాడు. కళ్లు తెరిచేసరికి అవతలి గట్టు. నడినెత్తిన ఎండ కాస్తోంది. దారి పక్కన మైలురాయి దగ్గర బస్సు ఆగింది.

"మోదుగులపల్లె! మోదుగులపల్లె దిగేటోళ్లు! ఏమవ్వా, నీ టికెట్ గీడిదాకనే గదా, దిగుతలేవా?"

చంద్రవ్వ లేవలేదు. పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది. "చెన్నూరు దాక కొట్టు," అంది.

కండక్టరు గొణుక్కుంటూ టికెట్ చింపాడు. బస్సు కదిలింది. తడి చెట్లు వెనక్కి పోతున్నాయి. పిల్లవాడి మెడ చటుక్కుమంది, ఎవరూ ఏమీ అనలేదు, మళ్లీ చటుక్కుమంది, ఈసారీ ఏమీ అనలేదు, వాడు నమ్మలేనట్టు అమ్మమ్మను ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగాడు. చాలాసేపటికి చంద్రవ్వ వెనక్కి తిరగకుండానే అడిగింది, "కొండల్ హాస్టల్లనే ఉన్నడా?"

"ఉన్నడు."

"నన్ను గుర్తు వడ్తడా?"



"పడ్తడు వదినె," అంది. "నువ్వు మర్వనిచ్చినవా?"

చంద్రవ్వ తల దించుకుంది. వంగిన ఆ మెడను చెన్నూరు దాకా తనివితీరా చూస్తూ కూర్చుంది దేవవ్వ.